సెంటర్లో ట్యాంకు, ట్యాంకులో తాతాజీ

వీరవేణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. బుజ్జిది మొట్టమొదటిసారి "నాన్నా" అని పిలిచే వేళకి పలకాల్సిన మనిషి పక్కన ఉండడేమోనని.

పాములన్నా, ఉరుములన్నా, ఆఖరికి అత్తగారి ఫోనన్నా ఆమెకి అంత భయం లేదు. పిల్ల ఉయ్యాల్లో "న" అంటే చాలు, పొయ్యి మీద గిన్నె వదిలేసి "ఏవండీ, ఏవండీ" అని వీధిలోకి పరిగెత్తేది. ఆ మనిషి వచ్చేలోపు పిల్ల ఆ "న" కాస్తా మింగేసి "త్త" అనేది. అది ఫోన్లో విని, తననే పిలిచిందని అత్తగారు మాత్రం మహా సంతోషపడేవారు.

ఆ మనిషి పేరు తాతాజీ. గంగవరప్పాలెం మున్సిపాలిటీలో చెత్త ఆటో డ్రైవరు, అవుట్‌సోర్సింగు. ఆటోకి క్లచ్చు పోతే షెడ్డులో పెట్టారు. ఆ తర్వాత బుజ్జిది పుట్టింది, బోర్లా పడింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. ఆటో మాత్రం షెడ్డులోంచి కదల్లేదు. అలాగని తాతాజీకి డ్యూటీ లేకపోలేదు. ఆటో పక్కన కూర్చోవడమే డ్యూటీ. అలా కూర్చుని కూర్చుని ఫోన్లో ట్యాంకుల ఆట నేర్చాడు.

ఆ ఆటలో అతను ముద్దుగా చూసుకునే ట్యాంకు ఒకటుంది. ఏఎమ్ఎక్స్ యాభై దాని పేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సు దేశం వాళ్ళు పెద్ద ట్యాంకు ఒకటి తయారు చేద్దామని నడుం కట్టారు. దాని తల రెండు ముక్కలు. కింది ముక్క పక్కలకి తిరుగుతుంది, పై ముక్క ఫిరంగితో సహా పైకీ కిందికీ ఊగుతుంది, గంగిరెద్దు తలాడించినట్టు. వెనకాల గుండ్లు వాటంతటవే ఎక్కే ఏర్పాటు. ఓ గుప్పెడు చేసి చూశారు. ఈలోగా కాలం మారిపోయింది, ఖర్చు కళ్ళు తిరిగేలా ఉంది, పక్కన పెట్టేశారు. పాపం అది ఒక్క యుద్ధానికీ వెళ్ళలేదు. బయట పని దొరకని ఆ ట్యాంకుకి ఆటలో మాత్రం చేతినిండా పని.

దాని గుణమేమిటంటే, గుండ్లు టపటపా వరసగా వదిలేస్తుంది. అవి అయిపోయాక మళ్ళీ నింపుకునేదాకా ఎవరేమన్నా కిక్కురుమనదు. తాతాజీ గుణమూ అదే. నాలుగు మాటలు టపటపా అనేసి, తర్వాత ఎంత పిలిచినా పలకడు. పెళ్ళైన కొత్తలో వీరవేణి అలిగాడనుకుని ఏడ్చేది. ఆట చూశాక తెలిసింది, అలక కాదు, నింపుకుంటున్నాడని. అప్పట్నుంచీ కాసేపు ఆగి చూడ్డం నేర్చుకుంది. ఆగితే పలుకుతాడు.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పౌరులయందు శౌర్యభావము పెంపొందించు నిమిత్తము ప్రతి పట్టణపు ప్రధాన కూడలిలోను ఒక యుద్ధట్యాంకును నెలకొల్పవలెనట. పక్క ఊరివాళ్ళు ముందే రాసుకుని, నిజంగా యుద్ధంలో తిరిగొచ్చిన పాత ట్యాంకు తెచ్చుకున్నారు. మనవాళ్ళు రాసేసరికి మిలట్రీవాళ్ళ దగ్గర ఒక్కటీ మిగల్లేదు.

కమిషనర్ వైకుంఠరావు గారు మీటింగు పెట్టారు.

"లభ్యత లేని పక్షమున ప్రత్యామ్నాయమును పరిశీలించవలెను గదా. ఫైబరుతో చేయించెదము. శౌర్యమునకు ఇనుమే కానక్కరలేదు" అన్నారు.

"శౌర్యమునకు ఏ లోహమూ నిర్దేశింపబడలేదండి. ఉత్తర్వు రెండుసార్లు చదివాను" అన్నాడు సూపరింటెండెంటు దక్షిణామూర్తి. ఉత్తర్వుల్లో ఉన్నదానికంటే లేనిదాని మీద ఆయనకి పట్టు ఎక్కువ.

విగ్రహాల కొండలరావుని పిలిపించారు. ఆ చుట్టుపక్కల ఏ నాయకుడి విగ్రహమైనా ఆయన చేతి మీదుగా వచ్చిందే. కానీ ఆయనకో పంతం ఉంది. చుట్టూ తిరిగి చూస్తే గానీ మట్టి ముట్టుకోడు. వెనకోసారి ఒక్క ఫొటో ఇచ్చి విగ్రహం చెయ్యమంటే, ఆ నాయకుడి వీపు ఎలా ఉంటుందో తెలియక తన బావమరిది వీపు పెట్టేశాడు. ఆవిష్కరణ నాడు ఆ నాయకుడి భార్య వెనకవైపు నుంచి చూసి, "ఈయనెవరండీ" అని అడిగింది. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

"ముందుభాగం ఎవడైనా చూపిస్తాడండి. నాకు వెనక చూపించేవాడు కావాలి" అన్నాడు కొండలరావు.

అందరూ దిక్కులు చూశారు. వరండాలో గోడకి ఆనుకుని తాతాజీ, అతని వేలి కింద ఫోన్లో గుండ్రంగా తిరుగుతూ ట్యాంకు. ముందు, పక్క, వెనక, మళ్ళీ ముందు. కొండలరావు ఆ ఫోను రెండు చేతులా అందుకుని, "ఇన్నాళ్ళకి వీపు చూశాను" అన్నాడు.

"ఏమిటయ్యా దీని విశేషాలు" అన్నాడు దక్షిణామూర్తి.

"హెవీ అండి. తల ఊగుద్దండి. గుండ్లు దానికదే ఎక్కించుకుంటదండి. నాకు బాగా కలిసొచ్చిందండి."

"మన దేశానిదేనా? యుద్ధాల్లో వాడారా?"

అప్పటికి తాతాజీ మాటలు అయిపోయాయి. నింపుకుంటున్నాడు. కాదనలేదు గనుక అవునని రాసుకున్నారు.

కొండలరావు ఉన్నదున్నట్టు దించాడు. ఆటలో ట్యాంకు నెత్తి మీద ఒక పచ్చగీత ఉంటుంది, ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే గీత. దెబ్బ తగిలినకొద్దీ తరుగుతుంది, ఆఖర్న ఎర్రబడుతుంది. అదీ ట్యాంకులో భాగమే అనుకున్నాడాయన. ఇనప కడ్డీ పాతి, ట్యాంకు నెత్తిన మూరెడు ఎత్తులో పచ్చటి పలక నిలబెట్టాడు. చూసినవాళ్ళు ప్రకటన బోర్డేమో, ఇంకా ఏమీ రాయలేదేమో అనుకున్నారు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అయ్యాక పంతులుగారు నిమ్మకాయలు తీసి పట్టాల ముందు పెట్టి, "ఇహ ఒక్కసారి ముందుకి పోనివ్వండి" అన్నారు.

అది సిమెంటు దిమ్మకి బిగించిన ట్యాంకు. పట్టాలూ చక్రాలూ అన్నీ కలిపి ఒకటే పోత. పారిశుధ్యం వాళ్ళు వెనకనుంచి తోశారు, చెమటలు తప్ప ఏమీ కదల్లేదు.

"నిమ్మకాయలు తొక్కించకపోతే వాహనపూజ పూర్తి కాదండి. దిష్టి అలాగే ఉంటుంది" అన్నారు పంతులుగారు.

కమిషనర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "వాహనము నిమ్మకాయల మీదుగా పోవుట ముఖ్యమా, లేక నిమ్మకాయలకును వాహనమునకును స్థానభేదము కలుగుట ముఖ్యమా?"

పంతులుగారికి ఇంకో గృహప్రవేశం ఉంది. "స్థానభేదమే అనుకోండి" అన్నారు.

ఒక చీపురుకర్ర తెచ్చి నిమ్మకాయల్ని ట్యాంకు కిందనుంచి అవతలి వైపుకి దొర్లించారు. అవతల కమిషనర్ గారే స్వయంగా బూటుతో తొక్కారు. చప్పట్లు కొట్టారు.

వీరవేణి బుజ్జిదాన్ని చంకనేసుకుని జనంలో నిలబడి ఇదంతా చూసింది. చూసి నవ్వుకుంది కూడా. ఆ నిమ్మకాయలు దొర్లింది తన కాపురం మీదకేనని అప్పుడు తెలీదు.

ఎలాగంటే, పూజ జరిగింది కాబట్టి అది వాహనం. వాహనం కాబట్టి వాహన విభాగానిది. వాహన విభాగంలో డ్రైవరు లేని వాహనం ఉంటే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు.

"డ్రైవరు లేని వాహనము కలదు. వాహనము లేని డ్రైవరు కలడు. ఒకే సంతకముతో రెండు అభ్యంతరములూ తొలగిపోవును" అన్నాడు దక్షిణామూర్తి.

ఆ రోజు తాతాజీ ఇంటికి స్వీటు పొట్లంతో వచ్చాడు. "ఏమే, నాకు ట్యాంకు ఇచ్చారు."

"అది నడవదు కదండీ."

"ఆటో మాత్రం నడిచిందేంటి."

అదీ నిజమే అనుకుంది వీరవేణి. సెంటరు ఇంటికి దగ్గర. పిల్ల "న" అంటే ఒక్క పరుగులో తీసుకొచ్చెయ్యొచ్చు. ఇంటరు మధ్యలో మానేసిన మనిషి కనక, ఆఫీసు సంగతులు అర్థం కాకపోతే తన చదువు చాలకేమో అనుకునేది. డిగ్రీ అయిన ఎదురింటి పిన్నిని అడిగింది. "నాకూ అర్థం కాలేదమ్మా" అంది ఆవిడ. కాస్త ధైర్యం వచ్చింది.

నెల తిరక్కుండా జిల్లా నుంచి ప్రశ్న వచ్చింది. మీ పట్టణమందలి ట్యాంకు ఏయే యుద్ధములలో పాల్గొన్నది, ఎన్ని విజయములు సాధించినది, వివరము పంపవలెనని. అప్పుడు గానీ కమిషనర్ గారు కంప్యూటర్లో వెతికించలేదు. వెతికిస్తే ఫ్రాన్సు అని తేలింది. ఏ యుద్ధానికీ వెళ్ళలేదనీ తేలింది.

తాతాజీని పిలిచారు. "ఏమయ్యా, ఇది ఒక్క యుద్ధమూ చెయ్యలేదటగా."

"అదేంటండి. రోజూ చేస్తుంది కదండీ. పొద్దున్న కూడా వెళ్ళొచ్చిందండి. గెలిచిందండి."

కమిషనర్ గారు దక్షిణామూర్తి వైపు చూశారు. దక్షిణామూర్తి ఉత్తర్వు వైపు చూశాడు.

"యుద్ధము అన్నారే గాని, అది ఎక్కడ జరగవలెనో నిర్వచింపలేదండి."

అలాగే జవాబు వెళ్ళింది. సదరు ట్యాంకు నేటికిని నిరంతర యుద్ధసేవలో కలదు, దినదినము విజయములు సాధించుచున్నది అని. జిల్లాలో వాళ్ళు ముచ్చటపడిపోయారు. మిగతా ఊళ్ళ ట్యాంకులన్నీ ఎప్పుడో యుద్ధం చేసి ఊరుకున్నవి. ఇదొక్కటే ఉద్యోగంలో ఉంది. గంగవరప్పాలేనికి ప్రశంసాపత్రం వచ్చింది, నెలనెలా ఇన్ని విజయాలని లక్ష్యమూ వచ్చింది. నిజంగా యుద్ధంలో నెగ్గుకొచ్చిన ట్యాంకు ఉన్న పక్క ఊరికేమో, ఈ నెలలో ఒక్క విజయమైనా సాధించనందుకు సంజాయిషీ చెప్పుకోమని మెమో వచ్చింది. వాళ్ళు కంగారుగా ఆట తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటున్నారని వినికిడి.

ఇక తాతాజీని ఆఫీసువాళ్ళు వదల్లేదు. ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ ఒకటి పెట్టారు. అది వాహనం హద్దుల్లో ఉంటేనే పడుతుంది. అందుకని ట్యాంకు నెత్తిన కంత కోసి, లోపల ఒక స్టూలు, ఒక చిన్న ఫ్యాను, చార్జింగు తీగ అమర్చారు. మొదట్లో డ్యూటీ పొద్దున్నుంచి సాయంత్రం దాకానే. కానీ ఆటలో అవతలివాళ్ళు వేరే దేశాల వాళ్ళు, మనం పడుకునే వేళకి వాళ్ళు లేస్తారు.

"శత్రువు మేలుకొని యుండగా సిబ్బంది నిద్రించుట క్రమశిక్షణారాహిత్యము" అన్నారు కమిషనర్ గారు.

తాతాజీ ఇంటికి రావడం మానేశాడు. అన్నం క్యారేజీ ట్యాంకుకి వెళ్ళేది. వీరవేణి బయట వేసిన ఇంకో స్టూలెక్కి కంతలోంచి అందిస్తే లోపల్నుంచి చెయ్యి వచ్చి అందుకునేది. "కూరలో ఉప్పు సరిపోయిందా" అంటే జవాబు రాదు. కాసేపాగితే, "సరిపోయింది. పిల్ల తిందా. నువ్వు తిన్నావా. వెళ్ళు, ఎండగా ఉంది" అని టపటపా వచ్చేది.

ఈలోగా బుజ్జిదాని నోట "తాత" వచ్చింది, "అప్ప" వచ్చింది, కుక్కర్ని చూసి "కూ" అనడం వచ్చింది. ఇక మిగిలిందల్లా ఆ ఒక్క మాటే. పిల్ల "న" అని నోరు తెరిస్తే చాలు, వీరవేణి చటుక్కున బిస్కట్టు ముక్క నోట్లో పెట్టేసేది. "ఇప్పుడు కాదమ్మా, నాన్న ఉన్నప్పుడు" అని బతిమాలేది. పిల్లకి అర్థమైంది ఒక్కటే, "న" అంటే బిస్కట్టు వస్తుందని. రోజంతా అదే పాట పెట్టింది.

లాభం లేదని పిల్లని చంకనేసుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"సార్, మా ఆయన్ని మళ్ళీ ఆటోకే వేసెయ్యండి. ఆ క్లచ్చేదో వేయిస్తే చాలు."

దక్షిణామూర్తి జాలిగా చూశాడు. మంచివాడే. "అమ్మా, ఆటో మరమ్మతు పద్దు ట్యాంకు రంగులకి మళ్ళింది. అయినా హెవీ వాహనం డ్రైవరుని ఆటోకి వేస్తే అది హోదా తగ్గింపు. అంటే శిక్ష. నేరం లేకుండా శిక్ష వెయ్యలేము. మీవారేమైనా నేరం చేశారా?"

"లేదండి."

"చేస్తే చెప్పండి, చూద్దాం."

బుజ్జిది ఆయన కళ్ళజోడు వైపు చెయ్యి చాచి "న..." అంది. వీరవేణి బిస్కట్టు కోసం సంచి వెతికితే లేదు. అరచేత్తో పిల్ల నోరు మూసి, "మీరు కాదు సార్, మీరు కాదు" అంది. దక్షిణామూర్తి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

లేవబోతూ ఆగింది. "సార్, ఆ ట్యాంకు యుద్ధంలో పోతే?"

"పోవుట అనగా?"

"అవతలివాళ్ళు పేల్చేస్తే."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు. "వాహనము ధ్వంసమైనచో డ్రైవరు విడుదలకు అర్హుడు."

వీరవేణి అక్కణ్ణుంచి తిన్నగా సెంటరుకి వెళ్ళింది. స్టూలెక్కి కంతలోకి వంగింది. "ఏవండీ, ఒక్కసారి ఓడిపోండి."

లోపల ఫిరంగుల మోత ఆగింది. "కావాలనా?"

"కావాలనే."

"నాకు అలవాటు లేదే."

"ఇది ఇవాళో రేపో అనేస్తుందండి. ఎన్ని బిస్కట్లు పెట్టి ఆపను. మొన్న గేదెని చూసి అనబోయింది."

ఆమె ఆగింది. "రేపు మధ్యాహ్నం క్యారేజీ తేకు. ఇంటికొచ్చి తింటా" అన్నాడు.

మర్నాడు తాతాజీ ఆటలో తన ట్యాంకుని ఒక మంచు ఊళ్ళో, చర్చి పక్కన, నలుగురికీ కనపడేలా నడివీధిలో నిలబెట్టి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అయిపోయింది. సెంటర్లో ట్యాంకు మాత్రం ఎప్పట్లాగే ఉంది, ఫిరంగి మీద కాకితో సహా. కబురందుకున్న ఆఫీసు పెయింటరు నిచ్చెనేసుకుని పచ్చ పలకని ఎర్రగా మార్చాడు. ఇంటి దగ్గర వీరవేణి పప్పులో పోపు వేసి, పిల్లకి గౌను మార్చి, గుమ్మంలో కూర్చుంది.

తాతాజీ ఒక కాలు కంతలోంచి బయటపెట్టాడు. దక్షిణామూర్తి ఆయాసపడుతూ వచ్చాడు.

"ఎక్కడికయ్యా? ప్రమాదం జరిగాక విచారణాధికారి వచ్చేదాకా డ్రైవరు వాహనం వదలకూడదు."

"విడుదలన్నారటండి."

"అవును. విచారణ అయిన మరుక్షణమే."

విచారణాధికారి వచ్చారు. టేపు పట్టుకుని ట్యాంకు చుట్టూ కొలిచారు. "ప్రమాదస్థలము?" అన్నారు. మంచు ఊరండి, చర్చి పక్కనండి అన్నాడు తాతాజీ. "ఏ పోలీస్ స్టేషన్ పరిధి?" అన్నారు. తాతాజీ దగ్గర మాటలు అయిపోయాయి. ఆ మంచు ఊరు ఏ పరిధిలోకి వచ్చునో తెలుపవలసినదిగా జిల్లాకి రాశారు. జిల్లావాళ్ళు పైకి రాశారు. అక్కణ్ణుంచి ఇంకా రావాలి.

ఆటలో అయితే ఆ ట్యాంకు కనురెప్ప వేసేలోపు బాగైపోయి మళ్ళీ కొత్తదానిలా నిలబడింది. మున్సిపాలిటీలో అలా కుదరదు. సాక్ష్యం తారుమారు కాకుండా తాతాజీ ఫోను కవర్లో పెట్టి సీలు వేశారు. దక్షిణామూర్తే రోజూ వచ్చి తన ఫోను కంతలోంచి లోపలికి పెట్టి హాజరు వేయిస్తున్నాడు. వాహనంలోంచి తల, చేతులు బయట పెట్టరాదని బస్సుల్లో రాసినట్టే రాసి అంటించారు. ఇతరులు లోపలికి ప్రవేశించరాదని దాని కిందే ఇంకోటి.

ఆట లేదు, ఫోను లేదు. ఒక స్టూలు, ఒక ఫ్యాను, తాతాజీ.

మొన్న మధ్యాహ్నం వీరవేణి క్యారేజీ తీసుకుని వెళ్ళింది. అప్పుడే దక్షిణామూర్తి హాజరు వేయించడానికి వచ్చి స్టూలెక్కి ఉన్నాడు. ఆయన దిగేదాకా ఆగుదామని పిల్లని కిందికి దింపింది. బుజ్జిది ట్యాంకు పక్కని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అరచేత్తో దబదబా కొట్టింది. ఫైబరు కదా, డోలులా మోగింది. ఆ మోత పిల్లకి నచ్చింది. మొహం ట్యాంకుకి ఆనించి, "నాన్నా" అంది.

బిస్కట్టు తియ్యడానికి వీరవేణి చెయ్యి సంచిలోకి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది.

పైనుంచి దక్షిణామూర్తి ఫోను పలికింది. "హాజరు నమోదైనది."

ఆయన మెల్లగా స్టూలు దిగి, ఎవరి మొహమూ చూడకుండా, కళ్ళజోడు తుడుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు.

"ఏవండీ, విన్నారా" అంది వీరవేణి. లోపల్నుంచి ఏమీ లేదు. ఆమెకి అలవాటే. ట్యాంకుకి చెవి ఆనించి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో, అన్నం చల్లారిపోయింది. అప్పుడు లోపలి వైపు నుంచి, సరిగ్గా పిల్ల చెయ్యి ఉన్న చోటే, అరచేత్తో కొట్టిన చప్పుడు వచ్చింది. టపటపా వరసగా వచ్చి, ఆగిపోయింది.

మీరెప్పుడైనా గంగవరప్పాలెం మీదుగా వెళితే బస్సు సెంటర్లోనే ఆగుతుంది. ఒక్క నిమిషం దిగండి. నెత్తి మీది పలక రంగు చూసి ఏమీ అనుకోకండి, అది ఆఫీసువాళ్ళ లెక్క. ఎడమ పక్కన, పిల్ల చేతి మరకలున్న చోట తట్టి, "తాతాజీ, అన్నం తిన్నావా" అని అడగండి. పలకలేదని వెంటనే బస్సెక్కెయ్యకండి. నింపుకుంటూ ఉంటాడు. కాసేపు ఆగండి.